కేటాయింపు ఎంత, చేతికొచ్చింది ఎంత

అనంతపురం జిల్లాలో హెచ్చెల్సీ గురించి మాట్లాడే రైతు ఎవరైనా రెండు అంకెలు విడివిడిగా చెబుతాడు. హెచ్చెల్సీ అంటే తుంగభద్ర ఎగువ కాలువ. దాని కింద మన రాష్ట్రానికి బచావత్ ట్రైబ్యునల్ లెక్క ప్రకారం రావాల్సింది 32.5 టీఎంసీలు. అది కేటాయింపు. ఆ ఏడు కాలువలో పారింది ఎంత అన్నది రెండో అంకె. తుంగభద్ర బోర్డు ఆ సీజనులో నది రాబడిని అంచనా వేసి, దామాషా ప్రకారం పంచిన తర్వాతే అది తేలుతుంది. ఎన్నో ఏళ్లుగా రెండో అంకె మొదటిదాన్ని అందుకోలేకపోతోంది. హోస్పేట దగ్గర 1953లో నీళ్లు నింపడం మొదలైన ఆ జలాశయం మొదట 133 టీఎంసీలు పట్టేది. పూడిక పేరుకుని ఇప్పుడు సుమారు 105కు దిగింది. అయినా దాని మీద అన్ని కాలువలకూ కలిపి రాసుకున్న వాటాల మొత్తం 212 టీఎంసీలు, అంటే నిల్వకు రెట్టింపు. ఇందులో మోసమేమీ లేదు. నీళ్లు సీజనంతా వస్తూ పోతూ ఉంటాయి, అందరూ ఒకే రోజున తమ వాటా మొత్తం తోడుకోరు అన్న నమ్మకం మీద నిలిచిన లెక్క అది.

ఈ రెండంకెల లెక్క తెలిసినవాళ్లకు కంప్యూటర్ మెమరీలో ఇంజనీర్లను తరచూ బెదరగొట్టే ఒక చిక్కును విప్పి చెప్పడం సులువు.

ఒక సర్వర్ ఉందనుకుందాం. ర్యామ్ 64 గిగాబైట్లు. దాని పనల్లా నెట్‌వర్క్ ప్యాకెట్లను అందుకుని, చూసి, సరైన దారిలో పంపడం. లినక్స్‌లో ఏ ప్రోగ్రాం ఎంత వాడుతోందో చూపే ‘టాప్’ ఆదేశం కొట్టండి. మన ప్యాకెట్ల ప్రోగ్రాం ఎదురుగా ‘వర్ట్’ అన్న గడిలో 256 గిగాబైట్లకు పైన కనిపిస్తుంది. పక్కన ‘రెస్’ గడిలో వంద మెగాబైట్లు కూడా ఉండకపోవచ్చు. ప్రాసెసర్ గడిలో 100 శాతం. కొత్తగా డ్యూటీలో చేరిన ఇంజనీరుకు గుండె గుభేలుమంటుంది. యంత్రంలో ఉన్నదే 64 అయితే ఇది 256 ఎక్కడ పెట్టుకుంది? ఎక్కడో మెమరీ కారిపోతోందని అనుమానించి ప్రోగ్రాంను ఆపి మళ్లీ లేపుతారు. మళ్లీ అదే అంకె. కొందరు ఇంకో అడుగు ముందుకేసి వర్ట్ ఇంత దాటకూడదని హద్దు పెడతారు. అప్పుడు ప్రోగ్రాం అసలు లేవనే లేవదు.

ఈ మూడు అంకెల్లో ఏదీ జబ్బు కాదు. కానీ ఎందుకు కాదో తెలియకపోతే, నిజంగా జబ్బు చేసిన రోజున దాన్ని పోల్చుకోలేం. ఈ వ్యాసం ఆ సంగతి చెప్పడానికే.

వర్చువల్ మెమరీ ఆలోచనకు అరవై ఏళ్లు దాటాయి. ఇంగ్లాండులోని మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో టామ్ కిల్‌బర్న్ బృందం ఫెరాంటి కంపెనీతో కలిసి కట్టిన అట్లాస్ కంప్యూటర్ 1962 డిసెంబరులో పని మొదలుపెట్టింది. దాని అసలు మెమరీ 16,384 పదాలు. పక్కన నెమ్మదిగా తిరిగే మాగ్నెటిక్ డ్రమ్ముల మీద మరో 98,304 పదాలు. అంతకుముందు ప్రోగ్రాం రాసేవాళ్లు ఏ ముక్క ఎప్పుడు డ్రమ్ము మీద ఉండాలో, ఎప్పుడు మెమరీలోకి రావాలో తామే లెక్కగట్టి రాసుకోవాల్సి వచ్చేది. ఆ చాకిరీని కిల్‌బర్న్ బృందం యంత్రానికి అప్పజెప్పింది. ప్రోగ్రాంకు ఒకే పెద్ద మెమరీ ఉన్నట్టు కనిపిస్తుంది. దాన్ని 512 పదాల పేజీలుగా కోసి, ఏ పేజీ నిజంగా ఎక్కడుందో యంత్రమే చూసుకుంటుంది. ప్రోగ్రాం పలికే చిరునామా వేరు, సరుకు నిజంగా ఉన్న చోటు వేరు అన్న విభజన అక్కడ స్థిరపడింది. నేడు మన జేబులోని ఫోను నుంచి బ్యాంకు సర్వరు దాకా అన్నీ అదే పద్ధతి మీద నడుస్తున్నాయి.

ఇప్పటి 64 బిట్ల ప్రాసెసర్లలో మామూలుగా చిరునామాకు 48 బిట్లు వాడతారు. అంటే 256 టెరాబైట్ల చిరునామాలు. అందులో సగం, 128 టెరాబైట్లు, ప్రతి ప్రోగ్రాంకూ విడివిడిగా దక్కుతుంది. ప్రోగ్రాం ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నల్‌ను ‘నాకు ఇంత చోటు కావాలి’ అని అడిగితే, కెర్నల్ ఆ క్షణాన ర్యామ్‌లోంచి ఏమీ తీసివ్వదు. ఫలానా చిరునామా నుంచి ఫలానా చిరునామా దాకా ఈ ప్రోగ్రాందని తన పుస్తకంలో ఒక పద్దు రాసుకుంటుంది. ఆ పద్దుకు పట్టేది కొన్ని వందల బైట్లు. అడిగింది ఒక మెగాబైటైనా వంద గిగాబైట్లైనా పద్దు సైజు అదే. వర్ట్ గడిలో కనిపించేది ఈ పద్దుల మొత్తం. అంటే ట్రైబ్యునల్ కేటాయింపు.

ప్రోగ్రాం ఆ చోటులో ఒక బైటు రాయబోయినప్పుడే అసలు కథ నడుస్తుంది. ప్రాసెసర్ ఆ చిరునామాకు ఎదురుగా నిజమైన పేజీ ఉందా అని చూస్తుంది. లేకపోతే ఆగి కెర్నల్‌ను పిలుస్తుంది. కెర్నల్ ర్యామ్‌లోంచి 4 కిలోబైట్ల పేజీ ఒకటి వెతికి, సున్నాలతో తుడిచి, ఆ చిరునామాకు తగిలించి, ప్రోగ్రాంను ఆగినచోటి నుంచి కొనసాగమంటుంది. ముట్టుకున్న పేజీలకే ర్యామ్ ఖర్చు. కాలువలో నిజంగా పారిన నీళ్లు ఇవి. రెస్ గడి వీటినే కొలవాలని ఉద్దేశం. ఉద్దేశం అని ఎందుకన్నానో తర్వాత చెబుతాను, ఎందుకంటే నెట్‌వర్క్ సాఫ్ట్‌వేర్ దగ్గర ఆ గడి కూడా మనల్ని పక్కదారి పట్టిస్తుంది.

మామూలు ప్రోగ్రాంలకు ఇంతవరకు చాలు. ప్యాకెట్ల ప్రోగ్రాం సంగతి వేరు. దానికి సమయం లేదు. ఈ మాట ఎంత నిజమో అంకెల్లోనే తెలియాలి.

అనంతపురంలో ఒక ఇంటి నుంచి బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న కూతురికి వీడియో కాల్ చేశారనుకోండి. ఆ మాట, ఆ బొమ్మ చిన్న చిన్న ప్యాకెట్లుగా విడిపోయి కేబుల్లోకి దిగుతాయి. 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్ కరెంటు స్తంభాల మీదుగానే వేల కిలోమీటర్ల ఫైబరు లాగింది. ఏ తీగ మీద వెళ్లినా ఆ ప్యాకెట్లు దారిలో ఎన్నో యంత్రాల్లో ఆగి ముందుకు సాగాలి. సెకనుకు 10 గిగాబిట్ల వేగమున్న ఒక్క తీగ మీద అతిచిన్న ప్యాకెట్లు వరసగా వస్తే సెకనుకు 1 కోటి 48 లక్షల 80 వేలు వస్తాయి. ఒక్కో ప్యాకెట్‌కు యంత్రానికి దక్కేది 67 నానోసెకన్లు. మూడు గిగాహెర్ట్జ్ ప్రాసెసర్‌కు అది సుమారు 200 గడియారపు దెబ్బలు. తీగ 100 గిగాబిట్లదైతే ప్యాకెట్‌కు 7 నానోసెకన్లు కూడా దక్కవు. ప్రాసెసర్ ఒక్కసారి ర్యామ్ దాకా వెళ్లి రావడానికే అరవై నుంచి వంద నానోసెకన్లు పడుతుందని గుర్తుంచుకుంటే, ఈ పని ఎంత కత్తి మీద సామో తెలుస్తుంది.

ఇంత బిగువులో ప్యాకెట్ వచ్చినప్పుడల్లా కెర్నల్ తలుపు తట్టడం కుదరదు. అందుకే ఇంటెల్ ఇంజనీర్లు దశాబ్దంన్నర కింద ఒక కొత్త పద్ధతి తెచ్చారు. నెట్‌వర్క్ కార్డును కెర్నల్ చేతిలోంచి తీసుకుని నేరుగా ప్రోగ్రాం చేతికే ఇచ్చారు. ఆ సాఫ్ట్‌వేర్ సంపుటి పేరు డేటా ప్లేన్ డెవలప్‌మెంట్ కిట్, అందరూ డీపీడీకే అంటారు. 2017లో అది లినక్స్ ఫౌండేషన్ గొడుగు కిందికి వచ్చింది. సిస్కో ఇచ్చిన ప్యాకెట్ యంత్రం వీపీపీ కూడా 2016లో అదే ఫౌండేషన్‌లో ఎఫ్‌డీ డాట్ ఐవో అన్న ప్రాజెక్టుగా బయటికొచ్చింది. టెలికాం కంపెనీల 5జీ పరికరాల్లో, క్లౌడ్ కంపెనీల రౌటర్లలో ఈ తరహా సాఫ్ట్‌వేరే పని చేస్తోంది. ఇది ప్యాకెట్ వచ్చిందని ఎవరో లేపేదాకా నిద్రపోదు. కార్డు వైపు అదేపనిగా చూస్తూ కూర్చుంటుంది. ఒక్క ప్యాకెట్ కూడా రాని అర్ధరాత్రి సైతం ఆ ప్రాసెసర్ గడిలో 100 శాతమే ఉంటుంది. మొదట చెప్పిన మూడు భయాల్లో ఇది ఒకటి. దీనికి ఇంతకు మించి వివరణ అక్కర్లేదు.

ఇక మెమరీ. ప్రోగ్రాం పలికిన చిరునామాను నిజమైన చోటుగా మార్చడానికి ప్రాసెసర్ నాలుగు అంచెల పట్టికలు వెతకాలి. పట్టికలు కూడా ర్యామ్‌లోనే ఉంటాయి కాబట్టి, అదృష్టం బాగోకపోతే ఒక్క బైటు చదవడానికి ముందు నాలుగుసార్లు ర్యామ్‌కు వెళ్లాలి. 67 నానోసెకన్ల పని అక్కడే మునిగిపోతుంది. అందుకని ఇటీవల మార్చిన చిరునామాలను ప్రాసెసర్ తన దగ్గరే ఒక చిన్న పట్టికలో దాచుకుంటుంది. దాని పేరు టీఎల్‌బీ. చిన్నది అని ఊరికే అనలేదు. 2015లో వచ్చిన ఇంటెల్ స్కైలేక్ తరంలో రెండో అంచె టీఎల్‌బీకి 1,536 గడులు మాత్రమే. గడికి 4 కిలోబైట్ల పేజీ చొప్పున అది 6 మెగాబైట్లకే సరిపోతుంది. ప్యాకెట్లు దాచే చోటు వందల మెగాబైట్లు ఉంటుంది. ప్రతి కొత్త ప్యాకెట్ దాదాపుగా పట్టికలో లేని చిరునామాకే వస్తుంది.

దీనికి విరుగుడు పెద్ద పేజీలు, హ్యూజ్ పేజీలు. 4 కిలోబైట్ల బదులు 2 మెగాబైట్లు, లేదా ఏకంగా 1 గిగాబైటు. అవే 1,536 గడులు 2 మెగాబైట్ల పేజీలతో 3 గిగాబైట్లకు సరిపోతాయి. ఒక గిగాబైటు మెమరీకి చిన్న పేజీలైతే 2,62,144 కావాలి, 2 మెగాబైట్లవైతే 512 చాలు. ఇంకో లాభం ఉంది. నెట్‌వర్క్ కార్డు ప్యాకెట్‌ను ప్రాసెసర్‌తో పని లేకుండా తానే నేరుగా మెమరీలో రాసేస్తుంది. అది రాసే సమయానికి ఆ పేజీ అక్కడి నుంచి కదలకూడదు, డిస్కు మీదికి పోకూడదు. హ్యూజ్ పేజీలను లినక్స్ డిస్కు మీదికి పంపదు.

అయితే ఇంత పెద్ద అఖండమైన ముక్కలు అడిగినప్పుడల్లా దొరకవు. సర్వర్ నడిచేకొద్దీ ర్యామ్ తునకలైపోతుంది. అందుకే యంత్రం లేచినప్పుడే ఇన్ని హ్యూజ్ పేజీలు అని పక్కన పెట్టేస్తారు. 1 గిగాబైటు పేజీలకైతే ఇది దాదాపు తప్పనిసరి. పెన్నహోబిలం జలాశయంలో తాగునీటికని కొంత ముందే విడదీసినట్టే ఇదీ. ఎవరు వాడినా వాడకపోయినా ఆ భాగాన్ని మిగతా ప్రోగ్రాంలు ముట్టుకోలేవు. ఈ సంగతి చాలామంది మరచిపోతారు, అక్కడే నిజమైన ప్రమాదం ఉంది. దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

మొదటి చిక్కు 256 గిగాబైట్ల అంకె. ఇది ఎక్కడి నుంచి వచ్చింది?

2018 మే నెలకు ముందు డీపీడీకే ఒక మొరటు పద్ధతిలో నడిచేది. లేచీ లేవగానే తనకు చూపించిన హ్యూజ్ పేజీలన్నీ పట్టేసుకునేది. ప్రోగ్రాం బతికున్నంత కాలం అవి దాని చేతిలోనే. అవసరం తగ్గినా తిరిగి ఇచ్చే దారి లేదు. అవసరం పెరిగితే కొత్తవి తెచ్చుకునే దారీ లేదు. 18.05 వెర్షన్‌లో మెమరీ భాగాన్ని పూర్తిగా తిరగరాశారు. అప్పటి నుంచి హ్యూజ్ పేజీలు కావాల్సినప్పుడు తీసుకుంటుంది, అక్కర్లేనప్పుడు వదిలేస్తుంది.

అయితే దీనికొక షరతు ఉంది. పెరగాలంటే పెరిగే చోటు ఒకే వరసలో ఖాళీగా ఉండాలి. ప్యాకెట్‌ను ఒక దశ నుంచి ఇంకో దశకు ఇవ్వడమంటే ఈ సాఫ్ట్‌వేర్‌లో దాన్ని కాపీ చేయడం కాదు, దాని చిరునామా మాత్రమే చేతులు మారుతుంది. మధ్యలో చిరునామాలు మారిపోతే అంతా కూలిపోతుంది. పైగా ఒకే ప్యాకెట్ల కుప్పను రెండు మూడు ప్రోగ్రాంలు పంచుకోవచ్చు. ఒకటి ప్యాకెట్లు పంపుతుంటే ఇంకొకటి లెక్కలు చూస్తుంటుంది. రెండిటికీ ఆ కుప్ప ఒకే చిరునామాలో కనిపించాలి. కాబట్టి మొదటి ప్రోగ్రాం లేవగానే భవిష్యత్తులో ఎంత పెరిగినా సరిపోయేంత చిరునామా వరసను ముందే తన పేర రాయించుకుంటుంది. చదవడానికీ రాయడానికీ అనుమతి లేని ఉత్త పద్దు. ర్యామ్ ఒక్క పేజీ కూడా కదలదు.

ఎంత రాయించుకోవాలన్నది లెక్క ప్రకారమే జరుగుతుంది. సర్వర్‌లో రెండు ప్రాసెసర్లుంటే ఒక్కోదానికీ దగ్గరి ర్యామ్ వేరుగా ఉంటుంది. అవతలి ప్రాసెసర్ దగ్గరున్న ర్యామ్‌ను చదవడం నెమ్మది. అందుకని ఏ ప్రాసెసర్ వాటా దానికే. అందులో మళ్లీ 2 మెగాబైట్ల పేజీలకు ఒక వరస, 1 గిగాబైటు పేజీలకు ఒక వరస. ఒక్కో రకానికి డీపీడీకే మామూలుగా పెట్టుకునే హద్దు 64 గిగాబైట్లు. రెండు ప్రాసెసర్లు, రెండు పేజీ సైజులు, అంటే నాలుగు రకాలు. నాలుగు అరవైనాలుగులు 256. ఇదే ఆ గడిలోని అంకె. మొత్తం మీద 512 గిగాబైట్లు దాటకూడదని ఇంకో హద్దు ఉంది. ప్రోగ్రాం వాడుతున్న నిజమైన మెమరీ రెండు గిగాబైట్లే అయినా ఈ 256 తగ్గదు, అరవై గిగాబైట్లైనా పెరగదు. ప్రోగ్రాంకు దక్కిన 128 టెరాబైట్ల చిరునామాల్లో ఇది 0.2 శాతం.

నా దృష్టిలో ఈ కథలో అన్నిటికన్నా విలువైన సంగతి ఇది. వర్ట్ అంకె ఉబ్బింది సరిగ్గా ఆ సాఫ్ట్‌వేర్ నిజమైన మెమరీ దగ్గర పొదుపు నేర్చుకున్న వెర్షన్‌లోనే. చిరునామాలను దర్జాగా రాయించుకుంది కాబట్టే ర్యామ్‌ను బిగబట్టుకుని కూర్చోవాల్సిన అవసరం పోయింది. పాత వెర్షన్‌లో చిన్న అంకె చూసి ఊరట పడినవాళ్లు నిజానికి ఎక్కువ మెమరీ పోగొట్టుకుంటూ ఉండేవాళ్లు.

వీపీపీలో ఇలాంటిదే ఇంకో పద్ధతి ఉంది. మెమరీలో ప్యాకెట్‌ను దాచే ప్రతి గూటికీ 64 బిట్ల పూర్తి చిరునామా మోయడం దండగని, 32 బిట్ల వరస నంబరుతోనే సరిపెడతారు. మొదలు చిరునామా నుంచి 64 బైట్లకు ఒక అడుగు చొప్పున ఎన్నో అడుగు అన్నదే ఆ నంబరు. 32 బిట్లతో ఎంత దూరం వెళ్లొచ్చో లెక్కగడితే 256 గిగాబైట్లు వస్తుంది. ఇది డీపీడీకే అంకెతో కాకతాళీయంగా కలిసింది, రెండిటికీ సంబంధం లేదు. నంబరు సగానికి తగ్గితే ప్రాసెసర్ కాష్‌లో రెట్టింపు నంబర్లు పడతాయి. ఆ లాభం దక్కాలంటే గూళ్లన్నీ ఒకే వరసలో ఉండాలి, అందుకు ముందే చిరునామాలు రాయించుకోవాలి.

వర్ట్‌ను ఉబ్బించే చిన్నా చితకా కారణాలు మరికొన్ని ఉన్నాయి. ప్రతి థ్రెడ్‌కూ 8 మెగాబైట్ల స్టాకు పద్దు రాస్తారు, అందులో వాడేది కొన్ని కిలోబైట్లు. లినక్స్‌లో మెమరీ పంచిపెట్టే గ్లిబ్‌సీ థ్రెడ్లు ఒకదాన్నొకటి తోసుకోకుండా వేరు వేరు గదులు ఇస్తుంది. గదికి 64 మెగాబైట్ల చిరునామా, ప్రాసెసర్ కోరుకు ఎనిమిది గదుల దాకా. పదహారు కోర్ల యంత్రంలో ఇదొక్కటే 8 గిగాబైట్లు పెంచగలదు. ఇవేవీ ర్యామ్ తినవు.

ఇక్కడ నీళ్ల పోలిక ఒక చోట తెగిపోతుంది, ఆ సంగతి సూటిగా చెప్పాలి. కాలువ కింద కాగితం మీది వాటా చేతికి రాకపోతే ఒక రైతు వేరుశనగ ఎండిపోతుంది. ఏటా సగటున 550 మిల్లీమీటర్లు కురిస్తే గొప్ప అనుకునే జిల్లాలో కేటాయింపుకూ రాబడికీ మధ్య ఉన్న తేడా అప్పుగా, వలసగా లెక్కకొస్తుంది. కంప్యూటర్‌లో ముట్టుకోని చిరునామా వల్ల ఎవరికీ నష్టం లేదు. ఇంకొక ప్రోగ్రాం చిరునామాలు దానివల్ల తగ్గవు, ఎందుకంటే ప్రతి ప్రోగ్రాంకూ తన 128 టెరాబైట్లు తనవే. తుంగభద్ర ఒక్కటే. చిరునామాలు మాత్రం అందరికీ విడివిడిగా ఉన్నాయి.

అయితే అందరూ కలిసి తోడుకునే రోజు కంప్యూటర్‌కూ వస్తుంది. ప్రోగ్రాంలన్నిటికీ రాసిచ్చిన పద్దుల మొత్తం ర్యామ్‌ను మించి ఉంటుందని కెర్నల్‌కు తెలుసు. తెలిసే ఇస్తుంది. దీన్ని ఓవర్‌కమిట్ అంటారు. ఎంత ఉదారంగా ఇవ్వాలో మూడు స్థాయిల్లో మార్చుకోవచ్చు. మామూలు స్థాయిలో మరీ పిచ్చి కోరికలను మాత్రమే కాదంటుంది. ఒకటో స్థాయిలో దేన్నీ కాదనదు. రెండో స్థాయిలో లెక్క దాటనివ్వదు. చాలా సర్వర్లు మామూలు స్థాయిలోనే నడుస్తాయి. రాసిచ్చినవన్నీ ఒకేసారి ముట్టుకుంటే ర్యామ్ అయిపోతుంది, అప్పుడు కెర్నల్ ఏదో ఒక ప్రోగ్రాంను చంపి దాని పేజీలు లాక్కుంటుంది. ఎక్కువ మెమరీ పట్టుకున్నట్టు కనిపించేదాన్నే సాధారణంగా ఎంచుకుంటుంది.

‘కనిపించేదాన్ని’ అన్న చోట ఆగుదాం. రెస్ గడి గురించి అప్పుడు వాయిదా వేసిన మాట ఇక్కడ చెప్పాలి. లినక్స్‌లో రెస్ లెక్కలోకి ముందే పక్కన పెట్టిన హ్యూజ్ పేజీలు రావు. అంటే మన ప్యాకెట్ల ప్రోగ్రాం 20 గిగాబైట్ల హ్యూజ్ పేజీల మీద కూర్చున్నా రెస్ గడిలో ఎనభై మెగాబైట్లే చూపించొచ్చు. వర్ట్ ఉన్నదానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ చూపితే, రెస్ ఉన్నదానికన్నా ఎన్నో రెట్లు తక్కువ చూపుతుంది. ఈ ప్రోగ్రాం నిజంగా ఎంత మెమరీ వాడుతోంది అన్న ప్రశ్నకు ఆ తెర మీద జవాబే లేదు.

దీనివల్ల ఒక నిజమైన ప్రమాదం పుడుతుంది. 64 గిగాబైట్ల యంత్రంలో ఎవరో ఉదారంగా 48 గిగాబైట్లు హ్యూజ్ పేజీలకు పక్కన పెట్టారనుకోండి. ప్రోగ్రాం వాటిలో 6 మాత్రమే వాడుతోంది. మిగిలిన 42 ఖాళీగా ఉన్నాయి, కానీ ఎవరికీ అందవు. యంత్రంలోని మిగతా పనులన్నీ, లాగ్‌లు రాసేవి, రూటింగ్ పట్టికలు మోసేవి, పర్యవేక్షణ చేసేవి, అన్నీ 16 గిగాబైట్లలోనే సర్దుకోవాలి. ఒక రోజు అది నిండుతుంది. కెర్నల్ చుట్టూ చూస్తుంది. ప్యాకెట్ల ప్రోగ్రాం దాని కంటికి ఎనభై మెగాబైట్ల చిన్నప్రాణి. చంపేది మాత్రం రూటింగ్ పట్టికలు మోస్తున్న అమాయకపు ప్రోగ్రాంను. దారులు చెప్పేది పోయాక ప్యాకెట్ల ప్రోగ్రాం ఎంత వేగంగా పరుగెత్తినా ఏం లాభం? సగానికి పైగా ర్యామ్ ఖాళీగా ఉన్న యంత్రం మెమరీ చాలక పడిపోతుంది.

కాబట్టి చూడాల్సిన చోట్లు వేరు. మొత్తం యంత్రానికి ఎన్ని హ్యూజ్ పేజీలు పక్కన పెట్టారు, ఎన్ని ఖాళీగా ఉన్నాయి అన్నది ‘ప్రాక్’ ఫైళ్లలోని ‘మెమ్‌ఇన్ఫో’ చెబుతుంది. ఒక ప్రోగ్రాం చేతిలో ఎన్ని హ్యూజ్ పేజీలున్నాయో దాని ‘స్టేటస్’ ఫైల్లో ‘హ్యూజ్‌టీఎల్‌బీ పేజెస్’ అన్న వరసలో ఉంటుంది. లినక్స్ 4.4 నుంచి ఈ వరస ఉంది. దానికి రెస్ కలిపితే దాదాపుగా నిజం తెలుస్తుంది. రెండు ప్రాసెసర్ల యంత్రంలో ఈ లెక్క ప్రాసెసర్ వారీగా చూడాలి. మొత్తం మీద ఖాళీ ఉన్నా నెట్‌వర్క్ కార్డు తగిలి ఉన్న వైపు ఖాళీ లేకపోతే ప్రోగ్రాం లేవకపోవచ్చు, లేదా అవతలి వైపు మెమరీతో కుంటుతూ నడవొచ్చు. కంటైనర్లలో నడిపేటప్పుడు మామూలు మెమరీ హద్దు ఒకటి, హ్యూజ్ పేజీల హద్దు వేరొకటి. ఒకటి పెట్టి రెండోది మరచిపోవడం మామూలుగా జరిగే పొరపాటు.

ఈ విద్య ఎంత దూరం పోయిందో చెప్పడానికి ఈ జిల్లాతో బంధమున్న ఉదాహరణ ఒకటుంది. మైక్రోసాఫ్ట్ అధిపతి సత్య నాదెళ్ల తండ్రి, ఐఏఎస్ అధికారి బి.ఎన్. యుగంధర్ సొంతూరు అనంతపురం జిల్లా యల్లనూరు మండలం బుక్కాపురం. ఆ కంపెనీ క్లౌడ్ ఆజ్యూర్‌లో 2015 చివరి నుంచి కొత్త సర్వర్లన్నిటిలోనూ ప్యాకెట్ల పనిలో ఎక్కువ భాగాన్ని ప్రాసెసర్ మీద నుంచి తీసి, కార్డు మీదే ఉన్న ప్రోగ్రాం చేయదగ్గ చిప్పులకు అప్పజెప్పారు. ఆ చిప్పులున్న సర్వర్లు పది లక్షలు దాటాయని 2018లో వాళ్ల ఇంజనీర్లు ఒక పరిశోధన పత్రంలో రాశారు. ఆ క్లౌడ్‌లో అద్దెకు తీసుకున్న లినక్స్ యంత్రంలో డీపీడీకే కూడా నడుపుకోవచ్చు. ప్యాకెట్‌ను కార్డు చూసుకున్నా అది వచ్చి దిగేది ర్యామ్‌లోనే. హ్యూజ్ పేజీల లెక్క, చిరునామా వరసల లెక్క అక్కడా మారవు.

చివరిగా నిజమైన లీకు సంగతి. మామూలు ప్రోగ్రాంలో మెమరీ కారిపోతే రెస్ నెలల తరబడి మెల్లగా పెరుగుతూ పోతుంది, కనిపెట్టొచ్చు. ప్యాకెట్ల ప్రోగ్రాంలో అలా జరగదు. అది లేవగానే ప్యాకెట్ గూళ్లన్నీ ఒకేసారి కట్టుకుంటుంది. డీపీడీకేలో ఒక్కో గూడు మామూలుగా రెండు కిలోబైట్ల పైచిలుకు. 2,62,144 గూళ్లు కడితే సుమారు 600 మెగాబైట్లు. ప్యాకెట్ వస్తే ఒక గూడు నిండుతుంది, వెళ్లిపోతే ఖాళీ అయి కుప్పలోకి తిరిగొస్తుంది. కోడ్‌లో ఎక్కడో ఒక తప్పు దారిలో, ఉదాహరణకు చెడిపోయిన ప్యాకెట్‌ను పారేసే చోట, గూడును తిరిగి ఇవ్వడం మరచిపోతే ఆ గూడు శాశ్వతంగా పోయినట్టే. కానీ ఆ 600 మెగాబైట్లు మొదటే లెక్కలోకి వచ్చేశాయి. కాబట్టి వర్ట్ కదలదు. రెస్ కదలదు. హ్యూజ్ పేజీల లెక్కా కదలదు. తెర మీద ప్రతి అంకె నిన్నటిలాగే ఉంటుంది. లోపల గూళ్లు మాత్రం రోజుకు కొన్ని చొప్పున తగ్గుతుంటాయి. గూళ్లు పూర్తిగా అయిపోయిన గంటలో కార్డుకు ప్యాకెట్ దింపే చోటు దొరకదు, వచ్చిన ప్యాకెట్ వచ్చినట్టే నేలపాలవుతుంది. దీన్ని పట్టించేవి రెండే రెండు లెక్కలు. కుప్పలో ఖాళీగా మిగిలిన గూళ్ల సంఖ్య ఒకటి. వచ్చే ప్యాకెట్ కోసం గూడు అడిగితే దొరకని సార్ల సంఖ్య ఇంకొకటి, దాన్ని డీపీడీకేలో ‘ఆర్‌ఎక్స్ నోమ్‌బఫ్’ అంటారు. మొదటిది రద్దీ తగ్గిన తెల్లవారుజామున కూడా పైకి రాకుండా రోజురోజుకూ దిగుతోందంటే, రెండోది సున్నా దాటకముందే కోడ్ తెరిచి ఆ మరచిపోయిన చోటు వెతకడం మొదలుపెట్టాలి.